పిట్ట ముట్టిన మాట

అరబ్బుల దేశంలో జిజాన్ రేవుకు కాస్త అవతల, సముద్రం ఒడ్డున రేకుల గదుల వరసలు ఉన్నాయి. కంపెనీవాళ్ళు దాన్ని క్యాంపు అంటారు. అక్కడ ఏసీ నిజంగా చల్లగా పనిచేసే గది ఒక్కటే, అది ఫోర్‌మన్ భూషణానిది. మిగతా గదుల్లో ఏసీలు చప్పుడు మాత్రం చేస్తాయి. ఎండాకాలం పన్నెండు నుంచి మూడింటి దాకా బయట ఎవరితోనూ పని చేయించకూడదని సర్కారు హుకుం. ఆ మూడు గంటలూ క్యాంపంతా తలుపులు మూసుకుని పడుకుంటుంది. మన ఊళ్ళల్లో మిట్టమధ్యాహ్నం బయట తిరగకురా, గాలి సోకుతుందిరా అని పిల్లల్ని అదిలిస్తారు చూడండి, ఇక్కడ అదే మాట సర్కారు చెప్పినట్టుంటుంది.

భూషణానికి గాలీ ధూళీ మాటలంటే నవ్వు. నిర్మల్ టౌన్ మనిషి, ఐటీఐ పాసయ్యాడు, అరబ్బీ నాలుగు ముక్కలు వచ్చు. ఆ నాలుగు ముక్కలతోనే తాను దొర అయిపోయాడని అతని నమ్మకం. తన కింద పనిచేసేవాళ్ళంతా అదే జిల్లా పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళను పేరు పెట్టి పిలవడం కూడా అతనికి నామోషీ. ఎవడొచ్చినా "అరే", ఎవడు పోయినా "అరే".

ఇక దీవుల సంగతి. అవతల సముద్రంలో కొన్ని దీవులున్నాయి, పేర్లు మన నోరు తిరిగేవి కావు. చెట్టూ చేమా లేదు, తాగడానికి నీళ్ళు లేవు, మేకను తోలినా తిరిగొచ్చేస్తుంది. పక్క దేశంతో నడుస్తున్న యుద్ధంలో వాటిని అవతలివాళ్ళు పట్టుకున్నారు. ఇవతలివాళ్ళు ఓడలూ విమానాలూ పంపి మళ్ళీ గెలుచుకున్నారు. టీవీలో రోజంతా జెండాలే జెండాలు. కొన్నాళ్ళకు అవతలివాళ్ళు గుండ్లు కురిపిస్తే దీవులు మళ్ళీ పోయాయి, అది మాత్రం టీవీలో రాలేదు. మళ్ళీ గెలిచారు, మళ్ళీ జెండాలు. ఒకే దీవుల్ని ఇన్నిసార్లు ఎట్లా గెలుస్తున్నారబ్బా అని చూసేవాడికి అనుమానం రావాలి. ఎవడికీ రాలేదు.

మొదటిసారి గెలిచినప్పుడు పెద్ద ఆఫీసర్లు వచ్చి ఫోటోలు దిగాలన్నారు. ఫోటోకు జెండా కావాలి, జెండాకు కర్ర కావాలి, కర్రకు సిమెంటు దిమ్మె కావాలి. దిమ్మె కట్టడానికి కూలోళ్ళు కావాలి. ఆ పని భూషణం కంపెనీకి వచ్చింది. యుద్ధం జరిగేచోటికి కూలోళ్ళను తీసుకుపోవడానికి కాగితం లేదు. కాగితం లేకపోతే ఏం, బోటుంది కదా అన్నాడు ముదీర్, అంటే మేనేజరు. భూషణం ఆరుగురిని ఎక్కించుకుని పోయాడు. అందులో మేస్త్రీ స్వామి ఒకడు. ఖానాపూర్ పక్క పల్లె. వాడి అన్న బుచ్చన్న క్యాంపులోనే వంటవాడు.

భూషణానికి మనుషుల్ని లెక్కపెట్టే పద్ధతి ఒకటుంది. తలలు లెక్కపెట్టాలంటే మొహాలు చూడాలి, అది అతనికి చిన్నతనం. అందుకని హెల్మెట్లు లెక్కపెట్టేవాడు. బండి ఎక్కినా బోటు ఎక్కినా అందరూ హెల్మెట్లు తీసి ఒక మూల గుట్ట వెయ్యాలి. ఆయనగారు కాలితో కదిలిస్తూ ఎంచి, సరిపోతే చలో అంటాడు. దీవి మీద దిమ్మె ఆరిందో లేదో, అవతలి నుంచి గుండ్లు పడడం మొదలైంది. మిలిటరీ పడవలే ముందు పరుగెత్తాయి. కూలోళ్ళు బోటులో పడి, టార్పాలిన్ కింద తలలు దూర్చారు. భూషణం హెల్మెట్లు ఎంచాడు. ఆరు ఉన్నాయి. బోటు కదిలింది.

నడి సముద్రంలో టార్పాలిన్ ఎత్తితే స్వామి లేడు. ఎండకు తల మండి, హెల్మెట్ ముందే బోటులో పడేసి తడి తువ్వాల చుట్టుకున్నాడు వాడు. మిలిటరీ పడవ ఎక్కి ఉంటాడులే, నోరు మూసుకోండి అన్నాడు భూషణం. వాడు ఏ పడవా ఎక్కలేదు. మర్నాడు ముదీర్ భూషణాన్ని పిలిచి, మనవాళ్ళు దీవికి పోయినట్టు బయటపడితే కంపెనీ మూతపడుతుంది, నువ్వు నోరు కట్టుకుంటే ఇకమీద దీవుల పనంతా నీ చేతికే ఇస్తానన్నాడు. భూషణం ఆలోచించుకోవడానికి టీ తాగినంతసేపు కూడా తీసుకోలేదు. స్వామి పేరు మీద హురూబ్ పెట్టేశారు. హురూబ్ అంటే పనివాడు కఫీల్‌ను, అంటే పనికి పెట్టుకున్న యజమానిని, వదిలి పారిపోయాడని ముద్ర. ఆ ముద్ర పడ్డవాడు బతికున్నా చచ్చినా కంపెనీకి సంబంధం లేదు. వెతికే పని కూడా లేదు.

బుచ్చన్న రోజూ వచ్చి గది బయట చేతులు కట్టుకుని నిలబడేవాడు. వాడు అడిగింది ఒక్కటే.

"సారూ, మా తమ్ముడు దీవి మీదికి అచ్చిండని ముదీర్ ముందట ఒక్క మాట చెప్పున్రి. గప్పుడు ఎతుకుతరు. బొక్కలన్న దొరుకుతయి. ఊర్లె వాని పెండ్లాం సీతాబాయి పుస్తె తియ్యాల్నో ఉంచుకోవాల్నో తెల్వక కూసున్నది."

కూలోళ్ళు చెప్తే ముదీర్ వినడు. ఫోర్‌మనే నోరు విప్పుతానంటే మాత్రం, అన్నీ తెలిసి దాస్తున్న ముదీర్‌కు వెతికించక తప్పదు. అది బుచ్చన్నకూ తెలుసు, భూషణానికి ఇంకా బాగా తెలుసు. నీ తమ్ముడు జెద్దాలో షవర్మా తినుకుంటూ తిరుగుతుంటాడు పోరా అని తలుపు వేసుకునేవాడు.

పదోనాడు బుచ్చన్న ఇక ఆశ వదులుకున్నాడు. బతికుంటే బిడ్డతో మాట్లాడకుండా ఒక్క పూట ఉండే మనిషి కాదు స్వామి. అందుకని పిట్టకు పెడదామన్నాడు. చచ్చినవాడికి ఇష్టమైనవన్నీ వండి ఆరుబయట పెడతారు. కాకి వచ్చి ముడితే ఆత్మ తృప్తిపడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందని అర్థం. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ బిడ్డ పెళ్ళి మేం చేస్తాం, నీ అప్పు మేం తీరుస్తాం అని మాటిస్తారు. ఏ మాటకు కాకి ముడితే ఆ మాట చచ్చినవాడు పట్టుకున్నట్టు. ఇక దాన్ని తప్పడానికి లేదు.

పని బంద్ వేళ, వంటగది వెనక, సముద్రం వైపు విస్తరి పెట్టారు. జొన్నరొట్టె, కోడికూర, ఎండుచేపల పులుసు. ఈ దేశంలో కల్లు ఎక్కడ దొరుకుతుంది, దాని బదులు పేరుకే బీరు అనిపించుకునే మాల్టు సీసా ఒకటి. జిజాన్ కాకులు మామూలు కాకులు కావు, వంటగదిలో దూరి చేతిలో ముక్క లాక్కుపోయే రకం. ఆ రోజు అన్నీ ప్రహరీ మీద కూర్చుని చూస్తున్నాయి. ఒక్కటీ దిగలేదు. బుచ్చన్న మాటిచ్చాడు. మిగతావాళ్ళూ ఇచ్చారు. దిగలేదు. ఎండకు కూర మీద నూనె మరుగుతోంది. మగాళ్ళు ఏడుస్తున్నారు.

అప్పుడొచ్చాడు భూషణం, ఎవడు గుంపు కట్టించాడని తిట్టడానికి. సంగతి తెలిసి పడిపడి నవ్వాడు. నవ్వి, విస్తరి ముందు గొంతుక్కూర్చుని, చిన్నపిల్లాడికి అన్నం తినిపించేటప్పటి గొంతు పెట్టాడు.

"అరే స్వామీ, రేపు ఇదే యాళ్లకు నేనే అచ్చి నిన్ను ఇంటిదాంక తోల్కపోత. నాది జిమ్మేదారి. ఇగ తిను."

కాకి దిగింది. ఒక్కటే. రొట్టె ముక్క నోట పట్టుకుని, భూషణం మొహంలోకి ఒకసారి చూసి, సముద్రం మీదుగా పోయింది. బుచ్చన్న వచ్చి భూషణం కాళ్ళకు మొక్కాడు. ఛీ లే అని విదిలించుకున్నాడు భూషణం. పికప్ నడిపే చాంద్ బాషా, కడప వైపు మనిషి, పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "సచ్చినోల్లతో పరాచికాలొద్దు సార్. నోరు జారితిరి. పొయి ఆ మాట ముదీర్‌తో చెప్పేయండి, సరిపోతాది." భూషణం వాడి వైపు కూడా చూడలేదు.

మర్నాడు పన్నెండు కొట్టగానే క్యాంపు తలుపులు మూసుకుంది. భూషణం కడుపునిండా తిని, ఏసీ కింద కాళ్ళు చాపుకున్నాడు. కాసేపటికి కిటికీలో వెలుతురు ఎర్రబడింది. జిజాన్‌లో ఆ కాలంలో గుబ్రా లేస్తుంది, దుమ్ముగాలి. సూర్యుణ్ణి మింగేస్తుంది. కళ్ళు మూసి తెరిచేలోగా గది చీకటి పడింది. ఏసీ గాలిలో వాసన మారింది. ఎండిన నాచు, ఉప్పు, తడి సిమెంటు... దుమ్ము వాసన కాదు అది.

చప్పుడొకటి మొదలైంది. ఇనుప గొట్టానికి తాడు కొట్టుకుంటున్నట్టు. ఠంగ్... కాసేపు ఆగి, ఠంగ్... జెండాకర్రకు కట్టిన తాడు గాలికి అట్లాగే కొట్టుకుంటుంది. క్యాంపులో జెండాకర్ర లేదు. రేవులో ఏదో ఓడ తాడై ఉంటుందని సర్దుకుని అటు తిరిగి పడుకున్నాడు.

అప్పుడు కిటికీ దగ్గర గొంతు. బయటి నుంచి, అద్దానికి పెదాలు ఆనించి మాట్లాడినట్టు.

"సారూ... పోదమా?"

బుచ్చన్నగాడి వేషమని భూషణానికి ఒళ్ళు మండింది. బూతులు నోటి నిండా నింపుకుని తలుపు తీశాడు. ఎవరూ లేరు. గాలికి గోధుమరంగు దుమ్ము ఊరంతా కప్పేస్తోంది. అతని గడప ముందు మాత్రం, పీట వేసినంత మేర, ఇసుక తెల్లగా ఉంది. గవ్వల ముక్కలు కలిసిన ఇసుక. ఆ ఇసుక ఈ ఒడ్డున దొరకదు. అది ఎక్కడ దొరుకుతుందో భూషణానికి తెలుసు, పోయినవారం బూట్లలోంచి దులుపుకున్నాడు.

నోటికి గుడ్డ కట్టుకుని వంటగదికి పరుగెత్తాడు. బుచ్చన్న పొయ్యి పక్కన మేలుకునే ఉన్నాడు. మళ్ళీ వండు, మళ్ళీ విస్తరి పెట్టు, నిన్నటి మాట వాపసు తీసుకుంటా అన్నాడు భూషణం. చెప్తుంటే తన గొంతు తనకే సన్నగా వినిపించింది. బుచ్చన్న అతన్ని కాసేపు చూశాడు. పది రోజులుగా ఆ మనిషి గది బయట తాను ఎట్లా నిలబడ్డాడో, ఇప్పుడు ఆ మనిషి అట్లా నిలబడ్డాడు.

"పిట్ట ముట్టినంక వాపస్ ఉండది సారూ," అన్నాడు బుచ్చన్న మెల్లగా. "మీరు అంతదూరం పోవుడు కూడ అద్దు. ముదీర్‌కు ఒక్క మాట చెప్పున్రి. మా తమ్ముడు మిమ్ముల ఇడుస్తడు. నేను మొక్కి అడుగుత."

అదేమంత పెద్ద బరువు? ఒక్క ఫోన్. కానీ ఆ ఫోన్‌తో దీవుల పని పోతుంది, చల్లటి గది పోతుంది, మళ్ళీ వీళ్ళ మధ్య వరసలో నిలబడి పప్పు పోయించుకోవాలి. దెయ్యం కన్నా ఆ పప్పు వరసకే ఎక్కువ భయపడ్డాడు భూషణం. చాంద్ బాషాను నిద్ర లేపి, తాళంచెవి గుంజుకుని, పికప్ ఎక్కాడు. జెద్దా పోతే ఈ గాలీ ఉండదు, ఈ పల్లెటూరి సంతా ఉండదు, నాలుగు రోజులు ఉండి వద్దామనుకున్నాడు.

దుమ్ములో లైట్లు బానెట్ దాటి పోవడం లేదు. నెమ్మదిగా పోనిస్తున్నాడు. వెనక తొట్టిలో మనిషి ఎక్కినట్టు బండి ఒకసారి కిందికి కుంగింది. తర్వాత కేబిన్ మీద చేత్తో కొట్టిన చప్పుడు. రెండుసార్లు.

పికప్ తొట్టిలో కూర్చునే కూలోళ్ళకు అదే భాష. ఒకసారి కొడితే ఆపమని. రెండుసార్లు కొడితే అందరం ఎక్కాం, పోనివ్వమని.

భూషణం వెనక అద్దంలోకి చూశాడు. ఎర్రటి దుమ్ము. ఏమీ లేదు. హైవే వైపు స్టీరింగ్ తిప్పబోయాడు. ఒక దెబ్బ... ఠప్. బండి దానంతటదే ఆగింది. రేవు వైపు తిప్పాడు. రెండు దెబ్బలు. కదిలింది. మళ్ళీ హైవే వైపు తిప్పాడు. ఒక దెబ్బ. ఈసారి గట్టిగా, సరిగ్గా అతని నడినెత్తి మీద. పైన రేకు సొట్టపడింది.

చెమట కళ్ళల్లోకి కారుతుంటే, పదకొండు రోజులుగా ఎవరికీ చెప్పనిది, తనలో తాను కూడా అనుకోనిది, అతని కళ్ళ ముందుకొచ్చింది. హెల్మెట్లు ఎంచినప్పుడు అతను ఒడ్డు వైపు చూశాడు. స్వామి పరుగెత్తి వస్తున్నాడు. దిమ్మె దగ్గర మరిచిన పార తెమ్మని వాణ్ణి పంపింది తనే. పార ఎత్తి ఊపుతూ, మోకాళ్ళ లోతు నీళ్ళల్లోకి దిగి, సారూ సారూ అని అరిచాడు. బోటువాడు వెనక్కి తిప్పనా అన్నట్టు చూశాడు. గుండు ఇంకా దూరంగానే పడుతోంది. తిప్పితే టీ చల్లారేంత సేపు పట్టేది. భూషణం హెల్మెట్ల గుట్టను చూశాడు, ఆరూ ఉన్నాయి కదా అనుకున్నాడు, యల్లా, పోనియ్ అన్నాడు. అంతే. దానికి వేరే కారణం కూడా లేదు.

బండి రేవులో, పడవలు కట్టే చోట ఆగింది. దుమ్ముగాలికి రేవు మూసేశారు, ఒక్క పడవా కదలకూడదు. కానీ ఎదురుగా ఒక బోటు ఇంజన్ ఆడుతోంది. దాని మీద ఎవరూ లేరు. భూషణం ఫోన్ తీశాడు. ముదీర్ పేరు నొక్కాడు. ఈ ఒక్కసారి చెప్పేద్దామనే అనుకున్నాడు. అవతల ముదీర్ నిద్రమొహంతో, ఏమిటి ఈ వేళప్పుడు అని విసుక్కున్నాడు. పక్క సీటు మీది నుంచి తెల్లటి ఇసుక సన్నగా కిందికి రాలుతోంది... ఎవరో ఇప్పుడే దులుపుకుని కూర్చున్నట్టు.

భూషణం నోరు తెరిచాడు. ఏళ్ళ తరబడి అలవాటైన నోరు. "ఏం లేదు సార్... కొత్త జెండా పని రేపు మొదలుపెట్టమంటారా?" అని అడిగింది.

ముదీర్ తిట్టి పెట్టేశాడు. ఫోన్ వెలుతురు ఆరిపోయింది. చీకట్లో, అతని చెవి పక్కనే, ఎంతో మర్యాదగా,

"సరే సారూ... నడువున్రి."

సాయంత్రం దుమ్ము తగ్గాక చాంద్ బాషా వెతుక్కుంటూ పోతే, రేవులో పికప్ ఉంది. ఇంజనూ ఏసీ ఆడుతున్నాయి. ఫోన్ సీటు మీద ఉంది. మనిషి లేడు. ఏ బోటూ కట్టు విప్పలేదని రేవు కాపలావాళ్ళు ఒట్టేసి చెప్పారు.

తెల్లారి వంటగది తలుపు తీసిన బుచ్చన్నకు, ప్రహరీ పక్కన తమ్ముడు కనబడ్డాడు. వెల్లకిలా, కాళ్ళు చక్కగా చాపి, రెండు చేతులూ రొమ్ము మీద పెట్టి పడుకోబెట్టి ఉంది శవం. కెరటాలకు కొట్టుకొచ్చింది కాదు, బట్టల్లో తడే లేదు, మొహం చెక్కుచెదరలేదు. పోలీసులొచ్చారు, తల గోక్కున్నారు. కంపెనీ మాత్రం ఏమీ గోక్కోలేదు. పారిపోయినవాడు ఎండదెబ్బకు చచ్చాడని చెప్పి, శవం కళ్ళముందే ఉంది కనక పెట్టెలో పెట్టి పంపక తప్పలేదు. అదే రోజు భూషణం పేరు మీద హురూబ్ పెట్టింది. ఆ సాయంత్రం టీవీలో దీవుల్ని మళ్ళీ గెలిచారు.

బుచ్చన్నకు పెట్టెతో పోవడానికి సెలవివ్వలేదు. పెట్టె ఒక్కటే విమానం ఎక్కింది. హైదరాబాదులో దింపుకున్నారని, అంబులెన్సులో ఊరు చేరిందని, మట్టి చేశారని కబురొచ్చింది. మూడోనాడు మధ్యాహ్నం సీతాబాయి ఫోన్ చేసింది. ఏడుపు అయిపోయిన గొంతు. మనిషి మొహం చూసుకున్నాను, పుస్తె తీశాను, ఇక నా మనసుకు తెలిసింది అంది. తర్వాత అడిగింది.

"బావా, పెట్టెతోని నువ్వు తోలిన ఆయిన ఎవలు?"

ఎవరినీ పంపలేదే, పెట్టె ఒక్కటే వచ్చింది కదా అన్నాడు బుచ్చన్న.

"మరి గీయిన ఎవలు? పెట్టె దించినకాడికెళ్ళి వాకిట్లనే నిలవడ్డడు. నీడకు రమ్మంటె రాడు. ఎండల్నే ఉంటున్నడు. పిల్ల భయపడుతున్నది. ఇంటిదాంక తోల్కచ్చిన కద, ఇగ నేను పోవచ్చునా అని అడుగుతున్నడు. గదే అడుగుతున్నడు బావా. పోవచ్చని ఒక్క మాట చెప్పున్రి అంటున్నడు. ఏం చెప్పాలె?"

బుచ్చన్న ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాడు. ఆమె వెనక, వాకిట్లోంచి, మగ గొంతు వినబడింది. ఆ గొంతు అతనికి బాగా తెలుసు. అది ఎవరినైనా అమ్మా అని పిలవడం మాత్రం ఎప్పుడూ వినలేదు.

"అమ్మా... ఇగ నేను పోవచ్చునా?"

పోవచ్చని చెప్పమని బుచ్చన్న అనలేదు. ఫోన్ కూడా పెట్టెయ్యలేదు. అవతల ఆ గొంతు మళ్ళీ అడిగింది.